స్థిరవస్తుచిత్రం – వాచ్య, వ్యంగ్య, అనుమేయార్థ వివేచన

1. ఉపోద్ఘాతం

అలంకారశాస్త్రం కావ్యపరామర్శకు మాత్రమే పరిమితమైన శాస్త్రం కాదు. భరతుని రసనిరూపణ నాట్యాన్ని ఆశ్రయించి వెలువడినది. విష్ణుధర్మోత్తరపురాణ తృతీయఖండంలో మార్కండేయుడు వజ్రునకు చిత్రవిద్యను ఉపదేశిస్తూ, నృత్తశాస్త్రం ఎరుగనివానికి చిత్రసూత్రం దుర్గ్రాహ్యమని ముందుగా హెచ్చరిస్తాడు. కళలు పరస్పరాపేక్షకాలన్న ఈ సిద్ధాంతాన్ని అంగీకరిస్తే, కావ్యం కోసం ఏర్పడిన పరిభాష చిత్రపరామర్శకు ఎంతవరకు ఉపకరిస్తుందో పరీక్షించడం న్యాయమే అవుతుంది. అట్టి పరీక్షకు ఐరోపాఖండంలో పదిహేడవ శతాబ్దిలో, బరోక్ యుగంలో, ప్రత్యేకించి హాలండు దేశంలో వర్ధిల్లిన స్థిరవస్తుచిత్రం అనుకూలమైన లక్ష్యం. డచ్చిభాషలో దీనికి స్టిల్లేవెన్ అని పేరు. ఆంగ్లంలోని స్టిల్ లైఫ్ అనే మాట దానికి సమానార్థకం. మనుష్యులు, కథ, యుద్ధం, దేవతావతారం ఏవీ లేక, బల్లమీద అమర్చిన పళ్లెం, గిన్నె, పండు, గాజుపాత్ర మాత్రమే విషయంగా గల చిత్రజాతి ఇది.

ఇట్టి చిత్రాన్ని ద్రాక్షారామ ప్రాంతపు విద్యాగోష్ఠిలో పరిశీలించడానికి శాస్త్రసంబంధమే కాక చరిత్రసంబంధం కూడా కలదు. 1602లో స్థాపితమైన డచ్చి ఈస్టిండియా కంపెనీ 1606లో మచిలీపట్టణంలో వర్తకస్థానం ఏర్పరచుకొని, తరువాత గోదావరీమండలంలో పాలకొల్లునందు, 1633లో ద్రాక్షారామమునందు గిడ్డంగులు నెలకొల్పినది. వారి పత్రాలలో ద్రాక్షారామం దాట్జెరమ్ వంటి రూపాలలో కనిపిస్తుంది. ఆమ్‌స్టర్‌డాములో స్థిరవస్తుచిత్రాలు వ్రాయబడుతున్న కాలంలోనే ఆ నగరవర్తకుల లెక్కపుస్తకాలలో భీమేశ్వరుని ఊరి పేరు నమోదవుతూ ఉండినది. ఆ చిత్రానికీ ఈ ఊరికీ గల సంబంధం ఎట్టిది, అది చిత్రంలోనే ఉన్నదా, చూచేవాని పాండిత్యంలో ఉన్నదా అనునది ఇందలి ప్రధానవిచార్యాంశం.

2. లక్ష్యచిత్రం

విలెం కాల్ఫ్ 1619లో రోటర్‌డాములో జన్మించి, యౌవనంలో కొంతకాలం పారిసు నగరంలో ఉండి, 1653 నాటికి ఆమ్‌స్టర్‌డాములో స్థిరపడి, 1693లో అక్కడనే మరణించిన చిత్రకారుడు. 1662లో అతడు రచించిన తైలవర్ణచిత్రం ఒకటి స్పెయిను రాజధాని మాడ్రిడ్‌లోని తైసెన్-బోర్నెమిసా ప్రదర్శనశాలలో ఉన్నది. ఎత్తు సుమారు 79, వెడల్పు సుమారు 67 సెంటీమీటర్లు.

వెనుక తట్టు గాఢాంధకారం. ముందు బల్లమీద ముడుతలు పడేటట్లు త్రోసిపెట్టిన పారసీకపు తివాచీ. దానిపై వెండిపళ్లెం, పళ్లెంలో తొక్క సగం ఒలిచి వదలిన నిమ్మపండు. ప్రక్కన మింగ్ రాజవంశకాలపు చీనా పింగాణీగిన్నె. దాని చుట్టును తావోమతానికి చెందిన అష్టసిద్ధుల చిన్న ప్రతిమలు పైకి ఉబ్బి ఉంటాయి. దాని చేరువనే నాటిలస్ అనే సముద్రజీవి చిప్పకు లోహపు పీఠమూ అలంకారమూ తొడిగి చేసిన పానపాత్ర. చీకటిలో సగం మునిగిన గాజుపాత్రలు. ఇంతియే చిత్రం.

ఈ వస్తువులన్నీ సంపన్నగృహాలలో వాడుకకు వచ్చినవి. అయినను ఏ ఒక్కటీ సామాన్యం కాదు. నాటిలస్ చిప్ప హిందూ, పసిఫిక్ సముద్రాలలో దొరికేది. తివాచీ తూర్పుదేశాలనుండి రావలసినది. చీనాలో రాజవంశాలు మారే అంతర్యుద్ధంవల్ల 1640ల చివరినుండి పింగాణీ ఎగుమతి క్షీణించినది. చిత్రరచన జరిగిన 1662లోనే డచ్చివారు తైవాన్ ద్వీపంలోని తమ కోటను కోల్పోయారు. కాబట్టి ఆ గిన్నె అప్పటికి మరింత అపురూపం. నిత్యోపయోగానికీ విలాసానికీ మధ్య నిలిచిన ఇట్టి వస్తువులను ప్రదర్శించే చిత్రాలను కళాచరిత్రకారులు ఆడంబరస్థిరవస్తుచిత్రాలుగా వర్గీకరించారు.

చిత్రసూత్రం ప్రేక్షకభేదాన్ని ఇట్లు చెబుతుంది: ఆచార్యులు రేఖను, విచక్షణులు వర్తనను, స్త్రీలు భూషణాన్ని, ఇతరజనులు వర్ణసమృద్ధిని మెచ్చుకొంటారు. వర్తన అనగా వెలుగునీడలచేత వస్తువుకు నిమ్నోన్నతాలు కల్పించడం. కాల్ఫ్ చిత్రంలో రేఖ స్వల్పం. పాత్రల అంచులు చీకటిలో కరగిపోతాయి. దాని సారమంతా వర్తనలోనే ఉన్నది. నిమ్మతొక్కపై గరుకుదనం, తొనలోని తేమ, వెండిపై ప్రతిఫలించిన పసుపుచాయ, చిప్పలోని ముత్యపు మెరుపు—వీటిని అతడు గీతలతో కాక చిన్నచిన్న కాంతిబిందువులతో సాధించాడు. చిత్రసూత్రం పేర్కొన్న మూడువిధాల వర్తనలలో బిందుజమనునది ఒకటి. ప్రభావం చెప్పడానికి ఆధారమేమియు లేదు. అయినను సాధర్మ్యం గమనార్హం.

3. స్వభావోక్తి వివాదం

ఉన్న వస్తువును ఉన్నట్లు చూపుట కళ కాగలదా? ఈ ప్రశ్న ఐరోపాలోను, భారతదేశంలోను వేర్వేరుగా పుట్టినది. ఫ్రెంచి రాజాస్థాన చిత్రకళా అకాడమీలో 1667లో జరిగిన ఉపన్యాసాలకు పీఠిక వ్రాసిన ఆంద్రే ఫెలిబియాన్, పండ్లు, పువ్వులు, గవ్వలు వ్రాసేవారిని చిత్రకారులలో అట్టడుగు మెట్టుపై నిలిపాడు. డచ్చి చిత్రకారుడైన హూగ్‌స్ట్రాటెన్ 1678లో ప్రకటించిన గ్రంథంలో వారిని కళాసైన్యంలోని సామాన్యభటులతో పోల్చాడు.

ఇక్కడ దండి స్వభావోక్తిని, దానికే జాతి అని పేరు చెప్పి, అర్థాలంకారాలలో మొదటిదిగా నిరూపించాడు; పదార్థాల నానావస్థారూపాలను ప్రత్యక్షం చేయుట దాని లక్షణమన్నాడు. భామహుడు వక్రోక్తి లేని వాక్యాన్ని కేవలం వార్తగా త్రోసిపుచ్చుతూ, స్వభావోక్తిని కొందరి మతంగా మాత్రం పేర్కొన్నాడు. కుంతకుని ఆక్షేపణ ఇంకను తీవ్రం. వస్తుస్వభావం అలంకరింపదగినది, అదియే అలంకారమైతే అది దేనిని అలంకరిస్తుంది? ఎవడును తన భుజంపై తానెక్కలేడు గదా అని అతని యుక్తి.

ఈ ఆక్షేపానికి తృప్తికరమైన సమాధానం వ్యక్తివివేకకర్త మహిమభట్టు వద్ద లభిస్తుంది. వస్తుస్వభావం సామాన్యం, విశిష్టం అని రెండు విధాలు. అందరి మాటలకూ అందేది సామాన్యరూపం. ఆ వస్తువుకే ప్రత్యేకమైన విశిష్టరూపం ప్రతిభకు మాత్రమే గోచరిస్తుంది. అట్టి ప్రతిభ పరమశివుని మూడవకన్ను వంటిది. కనుక కుంతకుడు అలంకార్యమన్నది సామాన్యస్వభావం. దండి అలంకారమన్నది విశిష్టస్వభావం. రెండింటికీ విరోధం లేదు.

కాల్ఫ్ చిత్రంలోని నిమ్మపండు ఈ సిద్ధాంతానికి చక్కని ఉదాహరణం. నిమ్మపండు పచ్చగా, గుండ్రంగా, పుల్లగా ఉంటుందన్న జ్ఞానం సామాన్యం. ఎడమవైపు వెలుగులో, అప్పుడే ఒలిచిన తొక్క చుట్టలు చుట్టుకొని, తెల్లని లోపలిపొర కనిపిస్తూ, తొన తడిగా మెరిసే ఆ ఒక్క పండు విశేషం. అది మరొక పండుతో మారదు. గ్యోతే 1797లో కాల్ఫ్ చిత్రమొకదాన్ని గూర్చి వ్రాస్తూ, బంగారుపాత్రనో చిత్రాన్నో ఎన్నుకొమ్మంటే చిత్రాన్నే ఎన్నుకొంటానన్న అభిప్రాయం వెలిబుచ్చాడు. వస్తువుకంటె వస్తుచిత్రం అధికమయ్యేది విశిష్టరూపదర్శనంవల్లనే అని ఆ మాటకు శాస్త్రీయార్థం.

4. వ్యంగ్యస్థితి

ఆనందవర్ధనుడు వ్యంగ్యప్రాధాన్యం లేని రచనకు చిత్రమని పేరు పెట్టాడు. బొమ్మకు ప్రాణం లేనట్లే అట్టి రచనకు ఆత్మ లేదని ఆ సంజ్ఞలోని ఆంతర్యం. స్థిరవస్తుచిత్రం ఈ అర్థంలో కూడా చిత్రమాత్రమేనా అన్నది తరువాతి ప్రశ్న.

ఈ చిత్రాలలో ఒక తెగ స్పష్టంగా వైరాగ్యబోధకం. పీటర్ క్లాస్ వంటివారు బల్లమీద కపాలం, ఆరిన దీపం, గడియారం ఉంచి వ్రాసిన చిత్రాలు అట్టివి. అయితే శాస్త్రదృష్టితో చూచినపుడు కపాలం మృత్యువును ధ్వనింపజేయుట కంటె నోరువిప్పి చెప్పుట అధికం. అచ్చట వ్యంగ్యం దాదాపు వాచ్యస్థాయికి దిగినది. కాల్ఫ్ చిత్రంలో కపాలం లేదు. సగం ఒలిచిన నిమ్మపండు మాత్రం ఉన్నది. ఒలిచినవాడు ఎవడో లేచిపోయినాడు. ఒలిచిన పండు వాడిపోతుంది. చూపునకు ఇంపైనది నాలుకకు పులుపు. ముందు ఆ వస్తువులపై తృష్ణ పుడుతుంది. చీకటిలో అవి కొంత మునిగియుండుట గమనించినకొలది ఆ తృష్ణ శమిస్తుంది. శాంతరసానికి ఆనందవర్ధనుడు ఆధారంగా చెప్పిన తృష్ణాక్షయసుఖం యొక్క ఛాయ ఇందులో లేకపోలేదు.

ఆధునిక విమర్శకులలో ఈ విషయమై అభిప్రాయభేదం కలదు. ఎడ్డీ డి యోంగ్ పదిహేడవ శతాబ్దపు నీతిచిత్రగ్రంథాల ఆధారంతో డచ్చి చిత్రాలలో గూఢమైన నీత్యర్థాలు చూపాడు. స్వెత్లానా ఆల్పర్స్ 1983లో ప్రకటించిన గ్రంథంలో, డచ్చి చిత్రకళ ప్రధానంగా వర్ణనాత్మకమనీ, చూచుటయే అందు జ్ఞానమనీ ప్రతిపాదించింది. ఒకరు వ్యంగ్యపక్షం, ఒకరు వాచ్యపక్షం వహించారనవచ్చు. మమ్మటుని మధ్యమకావ్యలక్షణం ఇక్కడ సమన్వయమార్గం చూపుతుంది. కాల్ఫ్ చిత్రంలో వ్యంగ్యం ఉన్నది. కాని వాచ్యసౌందర్యమే దానిని మించినది. కాబట్టి ఇది గుణీభూతవ్యంగ్యం. నీతికోసం నిమ్మపండు వ్రాయబడలేదు. నిమ్మపండును ఆశ్రయించి నీతి నిలిచినది.

5. అనుమేయం – ద్రాక్షారామం

ఇక చరిత్రసంబంధం. డచ్చివారికి ప్రధానంగా కావలసినవి మలక్కస్ ద్వీపాల లవంగం, జాజికాయ, జాపత్రి. ఆ ద్వీపవాసులకు కావలసినది కోరమండల తీరపు నూలుబట్ట. అందువల్లనే కంపెనీ ఉద్యోగి హెండ్రిక్ బ్రౌవర్ 1612లో ఈ తీరాన్ని మలక్కస్ ద్వీపాలకు ఎడమచేయిగా వర్ణించాడు. బట్టతో సుగంధద్రవ్యాలు, మిరియాలు. వాటితో మరికొన్ని ఆసియా రేవుల సరుకులు. ఇట్లు ఒక రేవు లాభం మరొక రేవు పెట్టుబడిగా కంపెనీ వర్తకం సాగినది. పీటర్ క్లాస్ 1627లో వ్రాసిన విందుబల్ల చిత్రంలో కాగితపు పొట్లంలో పోసిన మిరియాలు కనిపిస్తాయి. అట్టి మిరియాలకు మారకంగా ఇచ్చిన బట్టలు మాత్రం బల్లమీద కనిపించవు. డచ్చి చిత్రాలలో బల్లపై పరచిన తెల్లని గుడ్డ సాధారణంగా ఆ దేశపు నారబట్టయే.

ఆ బట్టలు నేసినవారు గోదావరీమండలంలో నగరాలలో గాక పల్లెలలో చెదరియుండిరి. కంపెనీవారు సేకరించిన నేతగ్రామాల వివరాలను ఆధారం చేసుకొని జోసెఫ్ బ్రెన్నిగ్ 1986లో ప్రకటించిన వ్యాసం ఈ విషయాన్ని విశదీకరించినది. వర్తకులద్వారా ముందుగా సొమ్ము ముట్టజెప్పి, నిర్ణీతమైన పొడవు, వెడల్పు, నేతతో బట్ట రాబట్టుకొనుట వాడుక. చిరివేరుతో ఎరుపు, నీలితో నీలం, కరక్కాయ పటికలతో రంగు పట్టించుట ఈ తీరపు అద్దకపువారి విద్య. కంపెనీ ఉద్యోగిగా ఈ ప్రాంతంలో ఉండిన డేనియల్ హావర్ట్ కోరమండలపు ఉచ్ఛ్రాయపతనాలను గూర్చి డచ్చిభాషలో వ్రాసిన గ్రంథం 1693లో, అనగా కాల్ఫ్ మరణించిన సంవత్సరంలోనే, ఆమ్‌స్టర్‌డాములో వెలువడినది. ద్రాక్షారామపు గిడ్డంగి 1730 ప్రాంతంవరకు నిలిచినది. ఆ వర్తకులకు ఇక్కడ మిగిలిన గుర్తులు స్వల్పం. హెమింగ్వే 1907లో సంకలించిన గోదావరి గెజెటీరు కాలంనాటికి ద్రాక్షారామంలో డచ్చివారి సమాధులున్న తావు ఒలందుదిబ్బగా వ్యవహరింపబడుతుండెను. నరసాపురంలో వసిష్ఠగోదావరి ఒడ్డున వలందర రేవు అనే పేరులో హోలండరు శబ్దపు ఆనవాలు ఉన్నదని చెబుతారు. ఆ ప్రక్కనున్న మాధవాయిపాలెం పేరు మడపొల్లం అనే నూలుబట్ట పేరుగా ఐరోపా నిఘంటువులకెక్కినది.

దీనినిబట్టి కాల్ఫ్ చిత్రం గోదావరి నేతవాని శ్రమను ధ్వనిస్తున్నదని చెప్పవచ్చునా? అట్లు చెప్పుట సులభం, వినసొంపు. కాని శాస్త్రసమ్మతం కాదు. ధ్వనికి సహృదయుడు, వక్తృబోద్ధవ్యాది వైశిష్ట్యం కావాలి. ఒలిచిన నిమ్మపండునుండి అనిత్యత స్ఫురించడానికి ఏ లెక్కపుస్తకమూ అక్కరలేదు. చీనాగిన్నెనుండి కంపెనీ, కంపెనీనుండి మిరియాలు, మిరియాలనుండి బట్ట, బట్టనుండి మగ్గం—ఈ పరంపర వర్తకపత్రాల చేత వ్యాప్తి తెలిసినవానికే సిద్ధిస్తుంది. ఇది లింగంనుండి లింగిని తెలిసికొనుట, అనగా అనుమానం. మహిమభట్టు వ్యంగ్యమంతటినీ అనుమానంలోనే చేర్చినాడు. అతని స్వభావోక్తిసమర్థనాన్ని స్వీకరిస్తూనే ఈ అంశంలో అతనితో విభేదింపక తప్పదు. రెండింటికీ గల భేదం ఈ ఒక్క చిత్రంలోనే స్పష్టంగా కనిపిస్తున్నది.

ఇందులో ఇంకొక పరిమితి ఉన్నది. ఈ అనుమానంచేత సిద్ధించేది సామాన్యమే. ఆ గిన్నెకే ద్రాక్షారామపు బట్ట మూల్యమైనదని ఎవరును చెప్పజాలరు. అట్టి గిన్నెలు అట్టి బట్టల వర్తకంతో ముడివడినవని మాత్రమే చెప్పగలరు. నిమ్మపండుకు విశేషరూపం దక్కినది. నేతవానికి సామాన్యరూపం మాత్రమే మిగిలినది. జూలీ హోక్‌స్ట్రాసర్ 2007లో డచ్చి స్థిరవస్తుచిత్రాలను, వర్తకాన్ని గూర్చి వ్రాసిన గ్రంథంలో, వస్తువుల వెనుకనున్న శ్రమ ఆ చిత్రాలలో కనుమరుగైన తీరును విపులంగా చర్చించింది. ఆ మౌనాన్ని ధ్వని అని పేరుపెట్టి గౌరవిస్తే, లేనిదానిని ఉన్నదని చెప్పినట్లవుతుంది. నష్టపోయినది నష్టపోయినట్లుగా తెలియకుండా పోతుంది.

6. తెలుగు కావ్యసాక్ష్యం

ఈ మౌనం డచ్చివారి దోషం మాత్రమే అనుకొనుట పక్షపాతం. ద్రాక్షారామ మాహాత్మ్యాన్ని భీమేశ్వరపురాణంగా రచించిన శ్రీనాథుడే, అవచి తిప్పయసెట్టికి అంకితమిచ్చిన హరవిలాసంలో ఆ వర్తకుని ఓడలు తెచ్చే సరుకుల పట్టిక కూర్చాడు. సింహళపు ఏనుగులు, హురుమంజి గుఱ్ఱాలు, చీనాంబరాలు, కస్తూరి, ముత్యాలు అందు వరుస కడతాయి. కొండవీటి కుమారగిరిరెడ్డి వసంతోత్సవాలకు ఈ వర్తకుడు సుగంధద్రవ్యాలు సమకూర్చినట్లు ప్రసిద్ధి. అదియు ఒకవిధమైన ఆడంబరవస్తుచిత్రమే. అందు వస్తువు పేరు, రేవు పేరు, వర్తకుని పేరు ఉన్నవి. చేసినవాని పేరు లేదు. పాల్కురికి సోమనాథుని వస్త్రనామావళిలోను బట్టల పేర్లే మిగిలినవి.

కాని ఆ సోమనాథుడే బసవపురాణంలో దేడర దాసయ్య కథ చెప్పాడు. దాసయ్య నేతవాడు. అపురూపంగా నేసిన వస్త్రాన్ని జంగమరూపంలో వచ్చిన శివునికి సమర్పించగా, ఆ జంగమం దానిని చింపివేస్తాడు, దాసయ్య చలింపడు. ఇక్కడ వస్త్రంకంటె నేసినవాడు విశేషరూపంలో ప్రత్యక్షమవుతాడు. స్పెయినులో వెలాస్క్వెస్ 1650లలో వ్రాసిన నూలువడికే స్త్రీల చిత్రంలోను, ముందుభాగమంతా పనిచేసే స్త్రీలదే. కథావస్తువు వెనుకకు జరిగినది. కాబట్టి శ్రమను చూపుట ఆ కాలపు కళకు అసాధ్యం కాదు. స్థిరవస్తుచిత్రమనే జాతి దానిని తన పరిధికి వెలుపల ఉంచినది. జాతిధర్మాన్ని దోషంగా ఎన్నరాదు; గుణంగా పొరబడనూ రాదు.

7. ఉపసంహారం

పై విచారంవల్ల తేలిన అంశాలు మూడు. స్థిరవస్తుచిత్రంలో వాచ్యం విశిష్టస్వభావదర్శనం. దానిని ఆస్వాదించడానికి స్వభావోక్తి సిద్ధాంతం సమర్థమైన సాధనం. వ్యంగ్యం అనిత్యతాభావన, కాల్ఫ్ వంటివారి చిత్రాలలో అది గుణీభూతం. గోదావరి నేతవాని సంబంధం అనుమేయం. అది చిత్రరసికునిది కాక చరిత్రపరిశోధకుని సంపాదన. ఈ మూడింటినీ కలగాపులగం చేసిన బోధనలో కళకూ న్యాయం జరగదు, చరిత్రకూ న్యాయం జరగదు.

అయితే సామాన్యరూపంలో మిగిలిన నేతవానికి, అద్దకపువానికి విశేషరూపం కల్పించే మార్గం పూర్తిగా మూసుకొనిపోలేదు. కోరమండలపు అద్దకపు బట్టలు లండనులోని విక్టోరియా ఆల్బర్ట్ ప్రదర్శనశాలలోను, ఆమ్‌స్టర్‌డాములోని రైక్స్ ప్రదర్శనశాలలోను, హాలండులోని లేవార్డెన్ పట్టణపు ఫ్రీస్ ప్రదర్శనశాలలోను నేటికిని భద్రంగా ఉన్నవి. వాటిమీది ప్రతి తీగలోను ఒకానొక చేతి ఒత్తిడి, కలము తడబాటు, రంగు చిక్కదనం నిలిచియున్నవి. పేరు లేకున్నను హస్తం ఉన్నది. చిత్రసూత్రం చెప్పిన రేఖ, వర్తన, భూషణ, వర్ణాలనే నాలుగు దృష్టులతో కాల్ఫ్ నిమ్మపండును చూడనేర్చిన విద్యార్థి, అదే దృష్టులతో ఆ బట్టలను చూడగలడు. అపుడు అనుమేయుడైన నేతవాడు కొంతవరకైనా ప్రత్యక్షుడు కాగలడు. ప్రాచ్యకళాశాలలలో అలంకారశాస్త్రంతోపాటు వస్త్రకళాపరిశీలనకు చోటు కల్పించుట అందుకు తొలిమెట్టు.